ఆకు అంచున ఉప్పు

రాఘవయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆకును వెనక్కి తిప్పాడు. టార్చిలైటు దగ్గరగా పెట్టి చూశాడు. నల్లి లేదు, బూజు లేదు, పురుగు గోకిన గీత కూడా లేదు. తామర పురుగు పట్టిన ఆకైతే దోనెలాగా పైకి ముడుచుకోవాలి. నల్లి పట్టిందైతే తిరగేసిన దోనెలాగా కిందికి వంగాలి. మిరపతోటలో తలపండినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? ఇవి రెండు రకాలుగానూ ముడవలేదు. కింది ఆకుల అంచులు మాత్రం పెనం మీద మర్చిపోయిన అట్టులా మాడి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి.

నాలుగు కుండీలు, నాలుగు గంజాయి మొక్కలు. జానెడు ఎత్తుకు మించి ఎదగలేదు. ఇంటికి నాలుగు మొక్కల వరకూ పెంచుకోవచ్చని ఈ దేశంలో సర్కారే చెప్పింది. అయినా మిల్టన్‌లోని ఆ టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మెషీను పక్కన, ఎండకు బదులుగా పెట్టిన ఊదారంగు దీపం కింద వాటిని చూసినప్పుడల్లా రాఘవయ్యకు దొంగసరుకు దాచినట్టే ఉండేది. అవి రంగనాథ్‌వి. ఇల్లూ ఆయనదే. రాఘవయ్య ఆ బేస్‌మెంట్‌లోనే పక్కగదిలో ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాడు. రంగనాథ్ కడుపులో కాన్సర్. అన్నం చూస్తే వాంతి. ఈ ఆకు కాస్త ఆకలి పుట్టిస్తుందని డాక్టరే చెప్పాడట. దుకాణాల్లో కావలసినంత దొరుకుతుంది. కానీ ఆయనకు పెంచాలనే పట్టుదల పుట్టింది.

"ఏమైనా తెలిసిందా బాబాయ్?"

రంగనాథ్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, ఆ పైన శాలువా. యాభై రెండేళ్ళ మనిషి, రాఘవయ్య కన్నా పెద్దవాడిలా అయిపోయాడు, పాపం.

"పురుగు కాదు బాబూ."

"ఫోన్‌లో ఫొటో పోస్ట్ చేశా. ఒకడు కాల్షియం తక్కువన్నాడు, ఒకడు మెగ్నీషియం అన్నాడు, ఒకడు లైట్ బర్న్ అన్నాడు. అన్నీ ఆర్డర్ చేశా." కిటికీ గట్టు మీద బారుగా ఉన్న సీసాలు చూపించాడు.

"ఫోను చూస్తది గానీ, దానికి నాలిక లేదు గదా."

రాఘవయ్య కుండీలో మట్టి మీద గోటితో గీశాడు. పైన సన్నగా, తెల్లగా, బొబ్బలెక్కినట్టు ఒక పొర. దాన్ని వేలితో తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు.

అప్పుడే మెట్లు దిగుతున్న వాసవి గుమ్మంలో ఆగిపోయింది. ఆవిడ రంగనాథ్ భార్య, పై గదిలో కంప్యూటర్ ముందు బ్యాంకు పని చేస్తుంది. "రామ రామ! మీరు కూడా మొదలుపెట్టారా బాబాయ్ గారూ?"

"మట్టమ్మా, మట్టి."

"ఏదో ఒకటి. మొన్న వీడియో కాల్‌లో మా అత్తగారు ఇవి చూసి, ఎంత చక్కటి గోంగూర వేసుకున్నారే, పచ్చడి నూరి మీ ఆయనకు పెట్టు అంది." భర్త ముందు మందుబిళ్ళలు పెట్టి, నుదురు ఒకసారి తాకి చూసి, మీటింగ్ ఉందంటూ పైకి వెళ్ళిపోయింది.

రంగనాథ్ నవ్వాడు. నవ్వుతుంటే మెడ నరాలు తాళ్ళలా లేచాయి.

రాఘవయ్య నవ్వలేదు. నాలిక మీద ఉప్పు. ఉత్త ఉప్పు.

చీరాలకు అవతల, సముద్రానికి నాలుగు మైళ్ళలో అతనికి ఎకరంన్నర మిరపతోట ఉండేది. ఒక వేసవిలో ఆకుల అంచులు ఇలాగే మాడాయి. దాహమనుకున్నాడు. రాత్రనక పగలనక బోరు వేసి నీళ్ళు పెట్టాడు. పెట్టినకొద్దీ మాడాయి. మాడినకొద్దీ పెట్టాడు. తోటంతా చచ్చాక, పక్క పొలం ముసలాయన వచ్చి పిడికెడు మట్టి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. "బోరులోకి సముద్రం వచ్చిందిరా పిచ్చోడా. నువ్వు పెట్టింది నీళ్ళు కాదు" అన్నాడు. ఆ భూమి చౌడుబారి మళ్ళీ కోలుకోలేదు. భార్య కూడా ఆ ఏడే పోయింది. కూతురు చరిత కాగితాలు పెట్టి ఇక్కడికి తెచ్చుకుంది. ఆ తర్వాత ఉద్యోగం మారి వాళ్ళు ఎడ్మంటన్ వెళ్ళారు. రాఘవయ్య వెళ్ళలేదు. కూరగాయల కొట్లో పనుంది, తన కాళ్ళ మీద తానున్నాడు, చాలుననుకున్నాడు.

లేచి ఉతుకుమెషీను పక్కనున్న కుళాయి తిప్పాడు. దోసిట్లో పట్టి పుక్కిలించాడు. ఉప్పు ఉందో లేదో తెలియనంత. కానీ రోజూ, చిన్న కుండీలో, పోసిందల్లా అక్కడే ఇంకి మిగిలిపోతే? గోడవార, ఇంట్లో కుళాయిలన్నిటికీ వచ్చే గట్టినీళ్ళను ఉప్పుతో మెత్తబరిచే మెషీను గుర్రుమంటోంది. అందులో పోసే ఉప్పు బస్తాను నెలనెలా మోసుకొచ్చి కుమ్మరించేది తానే.

"ఉప్పు బాబూ. నీళ్ళల్లో ఉంది."

రంగనాథ్ ఒక్క క్షణం అతని వంక, ఆ మెషీను వంక చూశాడు. తర్వాత చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "సాఫ్ట్‌నర్! ఇంజనీర్‌ని బాబాయ్ నేను. ఈ చేతుల్తో రోజూ ఈ ట్యాప్ నీళ్ళే పోశా. ముప్పయ్యేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్నా, ఒక్క ఆకు మొలిపించలేదు. మొలిపించినవి కూడా నేనే చంపుకున్నానన్నమాట."

రాఘవయ్య కుళాయి కట్టేశాడు.

జనవరిలో ఈయన కొట్టు నుంచి మంచినీళ్ళ డబ్బాలు తెచ్చి మొక్కలకు పోస్తుంటే, తానే కదా నవ్వాడు! "మొక్కకు సీసా నీళ్ళేంది బాబూ, పెళ్ళికొడుకా? కుళాయి నీళ్ళు పొయ్యండి" అన్నాడు. అంచులు మాడడం మొదలయ్యాక, "దాహం, ఇంకో చెంబు పొయ్యండి" అన్నదీ తానే. ఒక తోటను చంపి నేర్చుకున్న బుద్ధి, కడలి దాటాక ఎక్కడ జారిపోయిందో! ఆ మాటలు రంగనాథ్ మర్చిపోయాడో, మర్యాదకు ఎత్తలేదో. నోరు తెరిచి చెప్పెయ్యాలి. 'మీరు కాదు బాబూ, నేను.' ఆ రెండు ముక్కలు పెదవి దాకా వచ్చి ఆగిపోయాయి.

"చావలేదు" అన్నాడు బదులుగా. "చిగురు పచ్చగుంది. మంచినీళ్ళు నిండుగా పోసి, అడుగు నుంచి కారిపోయేదాకా కడిగితే ఉప్పు దిగిపోద్ది."

"మంచినీళ్ళు అంటే? సాఫ్ట్‌నర్‌తో పన్లేని బయట ట్యాప్ చలికి కట్టేశాం కదా."

"దేవుడు ఇంత మంచు కురిపించి పెట్టాడు, నీళ్ళకు కరువా?"

పార తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. మార్చి నెల. కంచె పక్కన ఎవరూ తొక్కని మంచు మోకాలెత్తున ఉంది. పైపొర తీసేసి, లోపలి తెల్లటిదాన్ని రెండు బకెట్లలో అదిమి నింపి, కిందికి తెచ్చి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన పెట్టాడు.

"సాయంత్రానికి కరిగి, చలి విరుగుద్ది. నేనొచ్చి పోస్తా. మీరు మాత్రం ముట్టుకోబాకండి."

"సాయంత్రం దాకా ఏం చెయ్యను?"

"పడుకోండి. వచ్చాక మీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"బస్సుకు టైమైంది బాబూ."

కొట్లో రాఘవయ్య పని చల్లగది పక్కన. కొత్తిమీరలో కుళ్ళిన కాడలు ఏరడం, క్యాబేజీకి వాడిన రెక్కలు ఒలవడం, పాలకూర కట్టలు కట్టి రబ్బరుబ్యాండు వెయ్యడం. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని, తెల్లగా పగిలి ఉంటాయి. వచ్చేపోయేవాళ్ళు అతన్ని పేరు పెట్టి పిలవరు. "అంకుల్, లేత బెండకాయలు లేవా?" అంటారు. లోపల్నుంచి తెచ్చి, కొస విరిచి చూపించి ఇస్తాడు. ఆ రోజు మాత్రం పెదవులు కదులుతూనే ఉన్నాయి. సాయంత్రం చెప్పాల్సిన మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నాడు. 'నా తోట కూడా ఇట్టాగే పోయింది బాబూ' అని మొదలుపెడితే తేలిగ్గా ఉంటుందనిపించింది.

మూడు కావస్తుండగా ఫోను మోగింది. వాసవి.

"బాబాయ్ గారూ... ఆయన పైకొచ్చి పడుకున్నారు, మళ్ళీ కిందికి దిగినట్టే నాకు తెలీలేదు. మీటింగ్ అయ్యాక చూస్తే ఆ కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నారు. అంబులెన్స్ వచ్చింది. దార్లోనే..." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, "తలుపు బార్లా తీసి వచ్చేశాను. మీరు ఇంటికెళ్ళి వేస్తారా?" అంది.

"వేస్తానమ్మా."

చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. పండిన ఆకు ఒకటి తీసేసి, రబ్బరుబ్యాండు వేసి, బుట్టలో పెట్టాడు. ఏప్రన్ విప్పి, కోటు తొడుక్కున్నాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోకి మంచు కొట్టి తడి అయింది. తలుపు వేశాడు. తుడిచాడు. మెట్లు దిగాడు. ఊదారంగు దీపం వెలుగుతోంది. కుర్చీ పక్కకు జరిగి ఉంది, దాని మీద శాలువా లేదు. బకెట్లలో ఒకటి ఖాళీ. మొదటి కుండీ మట్టి నల్లగా నిగనిగలాడుతోంది. కింద పళ్ళెంలో గోధుమరంగు నీళ్ళు నిండి నేల మీదకు పాకాయి. రెండోది కూడా. మూడోది కూడా. ఒక్కో దానికీ అడుగు నుంచి కారేదాకా, చెప్పింది చెప్పినట్టు రంగనాథే పోశాడు.

రాఘవయ్య కుండీల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీరు కాదు బాబూ" అన్నాడు. "నేను."

నాలుగో కుండీలో మట్టి పొడిగా, తెల్లగా ఉంది. దాని పక్కనే నేల మీద, రంగనాథ్‌కు ఆఫీసు వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన కాఫీ కప్పు, ఒలకకుండా, అంచుదాకా మంచునీళ్ళతో.