సూది మానేశాక

భర్త బనియన్లను ఎన్ని నీళ్ళలో జాడించినా జిమ్ము చెమట వాసన వదలడం లేదు. ఆమె పిండుతుంటే అత్తగారు వెనకే నిలబడి అననే అంది, "వాడు చూడు, కోడెగిత్తలా ఉన్నాడు. ఒక్క ఆడపిల్లకే నీ ఒళ్ళు చేతులెత్తేసింది." రెండో కాన్పు లేకపోతే వాడికి ఇంకో పెళ్ళి చేస్తామన్న మాట ఆ ఇంట్లో నవ్వులాటగా మొదలైంది. ఈమధ్య నవ్వు లేకుండానే వినబడుతోంది.

మాత్రలు మింగిందీ స్కానులకు పడుకున్నదీ ఆమే. చివరికి డాక్టరమ్మ ఆయన్నీ తీసుకురమ్మంది. పరీక్ష చేసి చూస్తే వీర్యకణాలు దాదాపు లేవు. కండల కోసం సూదులేమైనా పొడిపించుకుంటున్నావా అని అడిగితే అతను గోడకేసి చూశాడు. జిమ్ము కోచ్ ఏడాదిగా ఇస్తున్నాడట, మగతనం పెంచే సూది.

"ఆ సూదిలో ఉన్న హార్మోను నీ వృషణాలే తయారుచేస్తాయి బాబూ," అంది డాక్టరమ్మ. "బయటి నుంచి వచ్చి పడుతుంటే ఇంకెందుకని మెదడు వాటికి కబురు పంపడం మానేసింది. పని లేక కుంచించుకుపోయాయి. సూది ఆపెయ్. కొన్నాళ్ళు నీరసం, దిగులు తప్పవు. ఓర్చుకుంటే అవి మళ్ళీ మేలుకోవచ్చు."

ఆమెకు బడి గుర్తొచ్చింది. పదో తరగతిలో సైన్సు మేష్టారు తల దించుకుని దాటేసిన పాఠం ఇదే. ఆ ఏడే చదువూ ఆగిపోయింది. ఇంత మెలకువగా తూచుకునేది ఒకటి మనిషి లోపల రాత్రీ పగలూ నడుస్తోందా? తను అంట్లు తోముతుండగానే కడుపులో పాపకు వేళ్ళు మొలిచాయి కదా, అదీ ఇలాంటిదే కాబోలు.

సూది ఆపాక అతను సోఫాకు అతుక్కుపోయాడు. కండలు కరిగాయి. టీవీలో ప్రకటన చూసినా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. అమ్మకు మాత్రం చెప్పకు అన్నాడు. కొడుకు చిక్కిపోయిన నేరమూ ఆమె నెత్తినే పడింది.

నెలలు గడిచాక మళ్ళీ పరీక్ష చేసి డాక్టరమ్మ నవ్వింది. "తయారీ మొదలైంది. నేనేమీ ఇవ్వలేదమ్మా, ఇచ్చేది ఆపించానంతే."

ఆ మాటే మనసులో తిప్పుకుంటూ ఇల్లు చేరింది. అతను సోఫాలో వాలాడు. బాత్రూములోంచి పాప కేకేసింది. డాక్టరు నిన్నేమందే అని అత్తగారు అడిగింది. ఆమె చెప్పులు విప్పి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాప పిలుస్తోంది, వెళ్ళండి," అంది భర్తతో. "వచ్చాక ఆ సూది సంగతి అత్తయ్యకు మీరే చెప్పండి."

ఇద్దరూ ఆమెకేసి చూశారు. ఇన్నేళ్ళూ ఈ ఇంటికి బయటి నుంచి అందుతూ వచ్చిన సూది తనే. ఆమె లేవలేదు. ఏదో మహత్తు చూడబోతున్నదానిలా ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇల్లు మేలుకోవడానికి కొన్నాళ్ళు పట్టవచ్చు.