గుట్టకి ఇటుపక్క

డెల్మార్ హ్రుస్కా ఇంటికి ‘ఎ’ వేయడం అన్యాయం. అందులో వాదించడానికి ఏమీ లేదు.

బళ్ళో ‘ఎ’ వస్తే కాలరెగరేస్తారు. ఇంటి విలువ కట్టే రిపోర్టులో, చోటు గడిలో ‘ఎ’ పడితే అది చెడ్డ చోటని అర్థం. మంచి చోటుకు ‘బి’. అటూ ఇటూ కానిదానికి ‘ఎన్’. ఆయనింటి ‘ఎ’ పక్కన ‘చెత్త డంపు’ అని కూడా రాశారు. ఆ గడి చూసి బ్యాంకు కొనేవాడి లోను ఆపేసింది. లోను లేకపోతే బేరం లేదు. బేరం లేకపోతే అరిగిపోయిన మోకాళ్ళతో ఈ మెట్లే ఎక్కుతూ చావాలి.

విలువ కట్టిన జానెల్ మళ్ళీ వచ్చింది. డెల్మార్ కాఫీ ఇవ్వలేదు. రిపోర్టు ఆమె ముందు పడేశాడు.

“గుట్టకి అటుపక్క ఇంటికి ‘బి, పార్కు’. ఇటుపక్క నాకు ‘ఎ, డంపు’. గుట్ట ఒకటే కదా అమ్మాయ్! ముప్పై ఏళ్ళు దానిమీద బుల్డోజర్ తోలినవాణ్ణి. ఊరి చెత్తంతా దాని కిందే ఉంది, మేయరుగారి పాత పరుపుతో సహా. పైన గడ్డి మొలిపించి పార్కన్నారు. అటువైపు చెత్త అత్తరు పూసుకుని పడుకుందా?”

జానెల్ నవ్వాపుకుంది. “అటునుంచి ఫిర్యాదుల్లేవండీ. ఇటునుంచి కంపు కొడుతోందని కౌంటీ ఆఫీసు ఫైల్లో నూట పన్నెండున్నాయి.”

“ఎవడా దరిద్రుడు?”

“ఈ అడ్రసు నుంచేనండీ. అన్నీ ఒక్కరే రాశారు.”

ఆమె నకళ్ళు పరిచింది. మూడేళ్ళ కిందట పోయిన భార్య లియోటా చేతిరాత. నెలకొకటి. ‘మా ఆయన బట్టలు ఉతికీ ఉతికీ చేతులు పడిపోయాయి. కంపు అంటే ముక్కు కోసుకోమంటాడు.’

అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

“ఆవిడ కాస్త ఎక్కువ చేసి రాసిందని, వాసనేమీ లేదని ఒక్క ముక్క రాసివ్వండి హ్రుస్కా గారూ. ‘ఎన్’ చేసేస్తాను,” అని జానెల్ పెన్ను జరిపింది.

బతికున్నన్నాళ్ళూ ఆమె మొహం మీద ఆ మాటే అన్నాడు. పోయాక సంతకం పెట్టి మరీ అనడమా?

“కంపు కొట్టేది. ‘ఎ’ ఉండనీ.”

“బేరం పోతుందండీ.”

“పోనీ. ఉత్తరాలు ఇక్కడ పెట్టి నువ్వు బయల్దేరు.”

సాయంత్రం లింకన్ ఊళ్ళో ఉండే చెల్లెలు ఫోను చేసింది. “ఏం తేలిందిరా అన్నయ్యా? ఏమందా పిల్ల?”

“ఇల్లు అమ్మటంలేదు. ఎందుకని అడిగావో, ఫోను పెట్టేస్తా. నీకు చెప్పను, ఫాదరీకి చెప్పను, దేవుడు దిగొచ్చినా చెప్పను. ఆ ఊసు ఇక ఎత్తొద్దు.”