పసుపుకొమ్ము దారం

పోలింగ్ రోజు పొద్దున్నే లక్ష్మీదుర్గ కుడిచేతిని చీరకొంగు కింద దాచుకుంది. మణికట్టుకు పసుపుకొమ్ము కట్టిన దారం ఉంది.

అది పడవల ఓనరు చంద్రరావు కట్టించింది. సర్పంచ్ ఎన్నికలని తెలియగానే ఆయన ఉప్పాడలో తమ పేట ఆడవాళ్లందరినీ గంగమ్మ గుడికి పిలిచాడు. హారతి మీద చెయ్యి పెట్టించి, ఓటు తనకేనని ప్రమాణం చేయించాడు. ఓటు వేశాకే దారం విప్పాలి. మాట తప్పితే వేటకెళ్లినవాడు ఒడ్డుకు రాడని పేటంతా నమ్మకం.

లక్ష్మీదుర్గ కోడలు సత్యకుమారి ఆరోజు గుడికి వెళ్లలేదు. ఆమె చంద్రరావు మీద నామినేషన్ వేసింది ఆ తర్వాతే. మొన్నటి తుఫానుకు సముద్రం వాళ్ల వంటగదిని మింగేసింది. రాళ్లకట్ట వేయిస్తామని నాయకులు చెబుతూనే ఉన్నారు, అలలు ముందుకొస్తూనే ఉన్నాయి.

"అత్తా, ఏదీ ఆ చెయ్యి?" సత్యకుమారి కొంగు పక్కకు తీసింది.

లక్ష్మీదుర్గ దారం ముడి పట్టుకుంది. "నువ్వు నిలబడతావని నాకేం తెలుసే! తెంపేస్తాను. నా ఓటు నీకే."

"మీ అబ్బాయి నడిసముద్రంలో ఉన్నాడు. తెంపేసి, ఆయనొచ్చేదాకా నువ్వు అన్నం తింటావా?"

లక్ష్మీదుర్గ ముడి వదిలేసింది.

"తినవు. నాకు తెలుసు. చంద్రరావుకే వేసెయ్."

"ఓడిపోతావే, పిచ్చిదానా!"

"ఓడితే ఇంటికొస్తాను. గెలిచినా ఇంటికే కదా రావాలి!"

లక్ష్మీదుర్గ ఏడుస్తూనే చంద్రరావు గుర్తు మీద ముద్ర వేసింది. దారాన్ని సముద్రంలో వదిలింది.

సాయంత్రం లెక్కింపు పూర్తయింది. సత్యకుమారి ఒక్క ఓటుతో ఓడిపోయింది.

లక్ష్మీదుర్గ ఇసుకలో కూలబడింది. కోడలు పక్కనే కూర్చుని ఆమె కళ్లు తుడిచింది. "ఆ ఒక్కటీ నీదే అనుకుంటున్నావా? పేటంతా కట్టించుకున్నారు దారాలు."

దూరంగా డప్పులు మోగాయి. పూలదండలతో చంద్రరావు గుడికి వస్తున్నాడు. లక్ష్మీదుర్గ చివాలున లేచింది. ఇంట్లోకి వెళ్లి పళ్లెంలో కర్పూరం, పసుపుకొమ్ము, దారం పెట్టుకుని వచ్చి ఊరేగింపుకు అడ్డంగా నిలబడి కర్పూరం వెలిగించింది.

"చంద్రరావుగారండీ, ఇంటి కోడల్ని ఓడించుకుని మాట నిలబెట్టుకున్నానండి. కట్ట వేయిస్తానని మీరు మైకులో చెప్పారు గానీ, గంగమ్మ ముందు చెప్పలేదండి."

చంద్రరావు అనుచరుడు పోతురాజు ఎగిరిపడ్డాడు. "ఏంటమ్మా, సర్పంచ్‌గారి చేత ప్రమాణాలా?"

"మా చేత చేయించినప్పుడు నీకు తప్పనిపించలేదేంటయ్యా?"

డప్పులు ఆగిపోయాయి. పేట ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. చంద్రరావు సముద్రం వైపు చూశాడు. ఆయన కొడుకు మురళీకృష్ణ కూడా ఆరోజు వేటలోనే ఉన్నాడు. చంద్రరావు దండలు తీసేసి, చేతిని హారతి మీద పెట్టాడు.

సత్యకుమారి ఆయన మణికట్టుకు దారం కట్టింది. "కట్ట పూర్తయ్యాకే విప్పాలండి."

"అలాగేనమ్మా," అన్నాడాయన, మైకులో ఎన్నడూ వినిపించని గొంతుతో.

మర్నాడు పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. లక్ష్మీదుర్గ కొడుకు జానకిరామ్ వల భుజాన వేసుకుని వస్తూనే భార్యను అడిగాడు. "ఏమైంది? గెలిచావా?"

"ఓడిపోయాను," అంది సత్యకుమారి. "అత్త అన్నం తింది."