పదహారు బైట్ల పెట్టె

సాయంత్రం నాలుగింటికల్లా కొత్త రక్తపరీక్ష యంత్రానికి జవాబు వెళ్ళకపోతే, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన రాసిన ప్రోగ్రామును తీసి పారేసి బయటిది కొంటామని ల్యాబు మేనేజరు తేల్చి చెప్పేశాడు. ఇరవై ఏళ్ళ పని అది. పిడుగు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చేరి మూడు నెలలు, బాబాయి పక్క బల్లే ఆమెది, పిడుగు అని పేరు పెట్టిందీ ఆయనే.

యంత్రం పంపే ఫలితం వస్తూనే ఉంది. అందిందని తిరిగి చెబితేనే అది రెండోది పంపుతుంది. ఆ జవాబే దారి తప్పుతోంది.

"పాత యంత్రాలన్నీ బానే ఉన్నాయి కదే. తప్పు నాది కాదు, దానిది," అన్నాడు బాబాయి చేతులు కట్టుకుని.

"ఆగు బాబాయ్, ఆ ఫలితం ఏ నెట్‌వర్క్ చిరునామా నుంచి వచ్చిందో తెర మీద వేసి చూస్తా."

వేసింది. చిరునామా సరిగ్గా సగమే ఉంది. చిరునామా ఏ రకం, ఏ పోర్టు, ఏ యంత్రం అన్నీ పట్టేలా బాబాయి ప్రోగ్రాములో కట్టిన పెట్టె పదహారు బైట్లు. పాత చిరునామాలకు అది కొలిచి కుట్టిన చొక్కా. కొత్త యంత్రం వాడే కొత్త రకం చిరునామాకి ఇరవై ఎనిమిది కావాలి. పట్టినంత పట్టింది, మిగతాది గాలికి పోయింది.

"ఏనుగుని చీమల పుట్టలో దూర్చావు బాబాయ్."

"నేను కట్టినప్పుడు మనింటికి ఏనుగులు రాలేదే తల్లీ."

ఏ రకమైనా పట్టే నూట ఇరవై ఎనిమిది బైట్ల పెట్టె పెట్టి, ముందు రకం చూసి ఆ తర్వాతే మిగతాది చదివేలా మార్చింది. మూడుంపావుకి నడిపింది. మళ్ళీ సగమే.

"చెప్పానా," అన్నాడు బాబాయి. గొంతులో గెలుపేమీ లేదు.

పిడుగు లేవలేదు. తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయింది, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దొరికింది. పెట్టె మారింది గానీ, అందులో ఎంత చోటుందో సిస్టమ్‌కి చెప్పే అంకె ఇంకా పదహారే.

"కొలత చేత్తో రాసేశావేంటి బాబాయ్? ఎంత పడుతుందో పెట్టెనే అడగాలి కదా. గోదాము కట్టి తలుపు మీద అలమరా అని రాసినట్టుంది."

మార్చింది, నడిపింది. జవాబు వెళ్ళింది. యంత్రం రెండో ఫలితం పంపింది, మూడోది, నాలుగోది. నాలుగుకు పది నిమిషాలుండగా మేనేజరు వచ్చి, తెర వంక కాసేపు చూసి, "సరే, ఇదే ఉంచండి," అని వెళ్ళిపోయాడు.

బాబాయి తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఆమె బల్ల దగ్గర వేసుకున్నాడు.

"కాస్త జరుగు. ఆ పదహారుని ఇంకా పదకొండు చోట్ల రాశాను. ఎక్కడెక్కడో నాకే తెలుసు."