గోడ ఎడమచేతికి దొరికిన స్నానాలగది

స్నానం చేయవలసిన మనిషిని తప్ప ఇంటిల్లిపాదినీ అడిగి స్నానాలగదిని మార్చాలన్న పద్ధతిని ఎవరు కనిపెట్టారు? మా చెల్లెలి కొడుకు ప్లామెన్‌ను ఈ మాట చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా ఫోన్‌లో షవర్ చుట్టూ పెట్టే ఇంకో గాజు గది బొమ్మ చూపించాడు.

చెల్లెలు రాడ్కాకు పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. అప్పటినుంచి దానికి నేనే స్నానం చేయిస్తున్నాను. బల్గేరియాలో మా రూసే ఊళ్ళోని పాత అపార్ట్‌మెంట్లలో షవర్‌కు అడ్డు ఉండదు. నీళ్ళు కమోడ్ మీదా, వాషింగ్ మెషీన్ మీదా పడి నేలలోని తూముకు చేరతాయి. ఆ తడిలోనే రాడ్కా జారిపడింది. అందుకే షవర్ చుట్టూ గాజు పెట్టించాలనుకున్నాం. దాని కోరిక ఒక్కటే: ఇంకొకరి చేయి తగలకుండా తన ఒళ్ళు తాను కడుక్కోవాలి.

"ఎదురింటి కలీనా ఆంటీ పెట్టించుకున్నదే మనకూ తెప్పిద్దాం. కొలతలు వాళ్ళింట్లో తీసేశాను" అన్నాడు ప్లామెన్.

"మన గది కొలతలు వాళ్ళింట్లోనా?"

"అచ్చు పోసిన ఇళ్ళే కదా పెద్దమ్మా! పరదా కొన్నా, బీరువా కొన్నా ఈ బిల్డింగులో అందరూ పక్కింట్లోనే కొలుస్తారు. నీ ఒక్కదానికే అనుమానం."

చూసొద్దామని ముగ్గురం వెళితే, కలీనా తలుపు తీసి మా ముందుకు రబ్బరు చెప్పులు తోసింది.

"రండి రండి. మ్యూజియం తెరిచే ఉంది, టికెట్టు లేదు."

అప్పుడే ఎవరో స్నానం చేసి వెళ్ళారు. వెచ్చని ఆవిరిలో పలకల గోడలు కరిగిపోతున్నట్టున్నాయి. అది మా గదే. కాని కలలో సొంత ఇంటికి వెళ్ళినట్టు, ప్రతి వస్తువూ ఉండవలసిన చోటికి అటుపక్కన ఉంది. రాడ్కా గాజు తలుపు దాటి లోపలికి నడిచింది. దాని ఎడమచేయి దానంతటదే గోడకున్న కడ్డీని పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఆవిరి దాని తెల్లజుట్టు మీద మంచులా వాలింది.

"అక్కా, ఇక్కడైతే నేనొక్కదాన్నే చేసుకుంటాను."

ఆ ముఖం చూస్తూ నోరు విప్పడానికి మనసొప్పలేదు. అయినా విప్పాను.

"ప్లామెన్, మన షవర్ ఏ మూలన ఉంది?"

వాడు చేతులు గాలిలో తిప్పుకుని చూసుకుని, తెల్లబోయాడు. సరిగ్గా మా పైనున్న ఇంట్లో కొలిచి ఉంటే సరిపోయేది. మెట్లకు అటువైపు ఇళ్ళు మా ఇళ్ళకు అద్దంలో బొమ్మలు. మా గదిలో లోపలికి నడిస్తే గోడ కుడిపక్కన ఉంటుంది. ఎడమపక్కన వట్టి గాజే.

"చేయి ఏ వైపు తీసుకున్నాడో గోడ ఆ వైపే పెట్టాడు దేవుడు. వరస తప్పలేదు" అంది రాడ్కా.

ఇంటికి వచ్చాక మా స్నానాలగది పొడినేల మీద, షవర్ మూలన గాజు రావలసిన చోట సుద్దతో గీత గీశాను. రాడ్కా గీత దాటి లోపల నిలబడింది. కుడిచేయి గోడ పక్కన వేలాడుతోంది. తరవాత, పెళ్ళిలో నాట్యం మొదలయ్యే ముందు పాట వింటున్న మనిషిలా, మెల్లగా వెనక్కి తిరిగింది. ఇప్పుడు గోడ ఎడమపక్కకు వచ్చింది.

"అక్కా, కుర్చీ తే."

స్టూలు తెచ్చి దాని వెనుక గోడకు ఆనించాను. కూర్చుంది. ఎడమచేయి చాచింది. కడ్డీ రావలసిన చోటు, కుళాయి రావలసిన చోటు రెండూ అందాయి.

"గడప వద్దు, కాలెత్తలేను. తలుపు మడతపడేది కావాలి, లేకపోతే వాషింగ్ మెషీన్‌కు కొట్టుకుంటుంది" అంది.

"కలీనా ఆంటీ దాంట్లో రంగుదీపాలున్నాయి అమ్మా" అని గొణిగాడు ప్లామెన్.

"దీపాలు నీ పెళ్ళికి దాచుకోరా."

గాజు గది అమర్చిన రోజున నేను అలవాటుగా తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. గాజు వెనుక రాడ్కా మేఘంలో కూర్చున్నట్టుంది. ఏదో కూనిరాగం, నీళ్ళ చప్పుడు, ఒక్క చేత్తో జుట్టు రుద్దుకుంటున్న నీడ.

"ఇంకా అక్కడే ఉన్నావా అక్కా? సిగ్గులేదూ? పో అవతలికి!"

వెళ్ళాను.

మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఉంటే, సబ్బు అందేచోట పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మీరు ఇవతలికి రండి.