చేపల వారం

కత్తెర నానమ్మకి కోపం రావడం ఆ ఇంట్లో వింతేమీ కాదు. పాలు పొంగినట్టు రోజుకి రెండుసార్లు వస్తుంది, అంతలోనే చల్లారుతుంది. కానీ ఆ గురువారం వచ్చిన కోపం మాత్రం శనివారం దాకా దిగలేదు. దిగిన తీరు తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ముద్ద మింగుడుపడదు.

ఆ ఇంటి ముందుగదిలో ఎనిమిదిమంది పిల్లలతో చిన్న బడి నడుస్తోంది. అందరూ మూడు దాటి అయిదు నిండనివాళ్ళే. బడి పెట్టింది కోడలు. పిల్లలు ఆమెని టీచరమ్మ అంటారు. అత్తగారు ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టే దుకాణం నడిపిన మనిషి. మోకాళ్ళు మొరాయించి దుకాణం మూసేశాక, చేతులు ఊరికే ఉండలేక కోడలి బడిలో దూరింది. కాగితమైనా, అట్టయినా, గుడ్డయినా కత్తిరించాల్సి వస్తే ఆవిడే కాబట్టి పిల్లలు కత్తెర నానమ్మ అని పేరు పెట్టేశారు.

కోడలిది వారానికో విషయం పద్ధతి. ఒక వారం చక్రాలు, ఒక వారం విత్తనాలు, ఒక వారం నీళ్ళు. చక్రాల వారం వచ్చిందంటే పాటా చక్రాల మీదే, లెక్కా చక్రాలతోనే, రంగులు వేసేదీ చక్రాలకే. "చదువు చెప్పమంటే ఈ వేషాలేమిటమ్మా" అని నానమ్మ మొదట్లో నవ్వింది. తర్వాత పిల్లలు ఇళ్ళకెళ్ళి కుర్చీల కిందా మంచాల కిందా దూరి చక్రాలు వెతుకుతున్నారని తెలిసి నోరు మూసుకుంది. పద్ధతి మంచిదే. తంటా అంతా ఆ పద్ధతిని ఫోటో తీసి చూపించుకునే మనుషులతోనే.

ఈసారి చేపల వారం. సోమవారం టబ్బులో నీళ్ళు పోసి ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో చూశారు. మంగళవారం నానమ్మ పాత గుండీల డబ్బా తీస్తే, అట్ట చేపకి అయిదేసి గుండీలు పొలుసులుగా పేర్చి లెక్క నేర్చుకున్నారు. బుధవారం నుంచి అసలు పని: కాగితం మీద గీసిన చేపని గీత వెంట కత్తిరించడం. శనివారం గోడకి నీలం కాగితం అంటించి, దాన్నే సముద్రం అనుకుని, అందరి చేపల్నీ అందులో వదలాలి. తల్లిదండ్రులు వచ్చి చూస్తారు.

ఏ వారమైనా రోజూ కత్తెరలు పంచేది నానమ్మే. బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి చేతికీ కత్తెర తొడుగుతుంది. పై కన్నంలో బొటనవేలు, కింది కన్నంలో రెండు వేళ్ళు, మోచెయ్యి ఒంటికి ఆనించి. దుకాణంలో పొడుగాటి బల్ల దగ్గర ఆరుగురు వరసగా నిలబడి కత్తిరించేవాళ్ళు. ఒక్క మోచెయ్యి అడ్డం తిరిగినా పక్కవాళ్ళ గుడ్డ నాశనమే. అందుకని పనికి ఎవరొచ్చినా మొదటిరోజే చెయ్యి సరిచేసేది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అనేది ఆవిడ మాట. ఆవిడ చేతికింద పని నేర్చినవాళ్ళు ఇవాళ సొంత దుకాణాలు పెట్టుకున్నారు.

ఇక బుడుంగు. నాలుగున్నరేళ్ళ పిల్ల. తల్లి సిటీ బస్సు డ్రైవరు. నీళ్ళ వారంలో టబ్బులో ఏది వేసినా, మునిగిందా తేలిందా అనడం మానేసి "బుడుంగు" అని ఊరుకునేది. దూది వేసినా బుడుంగే. ఆ పేరే ఖాయమైపోయింది. నవ్వు మొహం, బుగ్గ మీద పెన్సిలు మరక. అయితే పిల్ల చేతిలో పడ్డ పని ఏదీ తిన్నగా వచ్చేది కాదు. చక్రం గియ్యమంటే బంగాళాదుంప వచ్చేది. విత్తనాలు కప్పులో వెయ్యమంటే నేలంతా చల్లేది. చేప సంగతి సరేసరి. గీత ఒకవైపూ కత్తెర ఒకవైపూ పోయి, తోక తెగి, తల చిరిగి, రెండురోజుల్లో నాలుగు చేపలు చెత్తబుట్టలో పడ్డాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నానమ్మ ముద్దుగా బుగ్గ గిల్లేది. ముద్దు చెయ్యడం తేలికే కదా.

గురువారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక కాగితాలంటించే గోంద్ సీసా కోసం కోడలి బల్ల సొరుగు తీసింది నానమ్మ. సీసా దొరకలేదు గానీ కాగితం ఒకటి దొరికింది. పైన బుడుంగు అసలు పేరు. కింద కోడలి గుండ్రటి అక్షరాలు. "చేతి పని రాదు. చెప్పింది చెయ్యదు. శ్రద్ధ లేదు. పై బడికి ఇంకా సిద్ధంగా లేదు. వచ్చే నెల నుంచి వేరే చోట చూసుకోవడం మంచిది." అట్టడుగున తల్లి సంతకానికి చోటు.

ఆ కాగితం ఆ పిల్లతో పాటు పై బడికి పోతుందని నానమ్మకి తెలుసు. నాలుగున్నరేళ్ళకే మొహం మీద ముద్ర. వంటింట్లోకి వెళ్ళి దాన్ని కోడలి ముందు బల్ల మీద కొట్టింది.

"ఏమిటమ్మా ఇది? దొంగతనం కేసా?"

"మెల్లిగా అత్తయ్యా, పిల్లలు లేస్తారు."

"లేవనీ. పాపం, పక్కలో బుడుంగు కూడా ఉందిగా, దాని గురించేగా రాశావు, చదివి వినిపిద్దాం."

కోడలు నీరసంగా కూర్చుంది. "పళ్ళ డాక్టరుగారు ఫోన్‌లో తల్లిదండ్రుల గ్రూపులో ఏం పెట్టారో చూడండి. ఫోటోలో వాళ్ళమ్మాయి బొమ్మ పక్కన బుడుంగు చింపిరి కాగితం ఉంటే మొత్తం బడి స్థాయే తగ్గినట్టు ఉందట. ఇంకో ఇద్దరు అవునవునన్నారు. ముగ్గురూ మానిపిస్తామంటున్నారు. అప్పుడు ఈ బడి ఎక్కడిది?"

"స్థాయా? ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలకి స్థాయా! ఆయన నాలుగో ఏట సరళరేఖలు గీసేవాడటా? పంచుకుని ఆడుకోమని పిల్లలకి పాట నేర్పుతావు, మధ్యాహ్నం ఒక పిల్లని బయటికి గెంటే కాగితం రాస్తావు. సిగ్గుండాలి."

"నాకు మాత్రం బాధ లేదనుకున్నారా?" అంది కోడలు. "రెండు నెలలుగా దాని పక్కనే కూచుని చేయిస్తున్నాను. రావట్లేదు. నేనేం చెయ్యను?"

ఆ మాటకి నానమ్మ కోపం రెట్టింపైంది. విసవిసా పెరట్లోకి నడిచింది.

పెరట్లో కుళాయి దగ్గర బుడుంగు ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో. పొద్దున గదిలో చెంబుతో సీసాలోకి నీళ్ళు పొయ్యమంటే సగం చాప మీద పోసి మాట పడింది. ఇప్పుడు అదే చెంబు, అదే సన్నమూతి సీసా. ఎడమచేత్తో చెంబు పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, సన్నటి ధారగా పోస్తోంది. చుక్క కింద పడలేదు. సీసా నిండగానే తనే "బుడుంగు" అని నవ్వుకుంది. నానమ్మ అడుగు చప్పుడు విని, చెంబు వదిలేసి ఎడమచేతిని గౌను వెనక్కి దాచేసుకుంది.

నానమ్మ వెనుదిరిగి లోపలికి వచ్చి చెత్తబుట్ట బోర్లించింది. నాలుగు చేపల ముక్కలూ ఏరి వెలుతుర్లో పెట్టి చూసింది. మూడు చేపలు వణికే చేత్తో అడ్డదిడ్డంగా తెగాయి. నాలుగోది తెగనే లేదు. అంచు పొడుగునా కాగితం నలిగి మడతలు పడింది. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కుడిచేతి కత్తెర ఎడమచేత్తో పడితే రెండు రేకులూ ఎడంగా విడిపోతాయి. తెగాల్సింది మడతపడుతుంది. ఎవరూ చూడనప్పుడు పిల్ల ఎడమచేత్తో ప్రయత్నించింది. ఆ కత్తెర పనిచెయ్యలేదు. కుడిచేత్తో ప్రయత్నిస్తే చెయ్యే పనిచెయ్యలేదు.

పుర్రచెయ్యి! పిల్లకి రాకపోవడం కాదు, ఎవరో ఆ చెయ్యిని చంపేస్తున్నారు. నానమ్మకి కళ్ళు ఎర్రబడ్డాయి. ఎవరో ఏమిటి, ఇంట్లోవాళ్ళే. లేకపోతే అడుగు చప్పుడుకే చెయ్యి దాచుకుంటుందా? ఎన్ని దెబ్బలు పడి ఉంటాయో. ఆ తల్లి రానీ, కడిగేస్తాను అనుకుంది. శుక్రవారమంతా పళ్ళు కొరుకుతూనే కత్తెరలు పంచింది.

శనివారం ముందుగది కిటకిటలాడింది. నీలం కాగితం మీద ఏడు చేపలు. ఎనిమిదోది లేదు. పళ్ళ డాక్టరు ఫోన్ ఎత్తి ఫోటోలు తీసుకుంటూ, "ఈసారి చక్కగా ఉంది, అన్నీ ఒక్కలా ఉన్నాయి" అన్నాడు. బుడుంగు గోడ దగ్గర నిలబడి ఒక్కొక్క చేపనీ చూసుకుంటూ పోయి, చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి వెతికింది. ఏడవలేదు. అది చూసి నానమ్మకే ఏడుపొచ్చింది.

డ్రైవరమ్మ యూనిఫాంలోనే వచ్చింది. డ్యూటీకి మధ్యలో అరగంట దొరికిందట. కోడలు ఆమెనీ పిల్లనీ పక్కగదిలోకి తీసుకెళ్ళి, నేలచూపులు చూస్తూ కాగితం అందించింది. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. పెన్ను కోసం జేబు తడుముకుంది.

"సంతకం పెట్టావంటే ఊరుకోను" అంటూ నానమ్మ లోపలికొచ్చి కాగితం లాక్కుంది. "పిల్లకి రాకపోవడమేమిటి? అది పుర్రచేతి పిల్ల! ఎడమచేత్తో నీళ్ళు పోస్తే చుక్క కింద పడట్లేదు. కుడిచేత్తో చేయిస్తూ రాదు రాదంటే ఎలా వస్తుంది? ఈవిడ చూడలేదు సరే, నువ్వు కన్నతల్లివి. మీ ఇంట్లో ఎవరమ్మా ఈ పసిదాని చెయ్యి మార్పించింది? కొట్టారా, వాత పెట్టారా?"

డ్రైవరమ్మ జేబులోంచి చెయ్యి తీసింది. "మా ఇంట్లోనా పెద్దమ్మగారూ? మా ఆయనదీ పుర్రచెయ్యే. ఇంట్లో పిల్ల బ్రష్షూ, చెంచా, అన్నీ ఎడమచేత్తోనే. ఎవ్వరం పల్లెత్తు మాటనలేదు. రెండు నెలల నుంచే ఏమైందో, ఎడమచేత్తో ఏది పట్టుకున్నా ఉలిక్కిపడి దాచుకుంటోంది. ఎందుకే అంటే చెప్పదు. నేనే మిమ్మల్ని అడుగుదామనుకున్నాను, డ్యూటీల్లో పడి కుదర్లేదు."

"నాకు చెబుతుంది చూడు." నానమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ పిల్ల ముందు కూలబడింది. "బుడుంగూ, భయపడకు తల్లీ. ఆ చేత్తో వద్దని నీకు ఎవరు చెప్పారు? పేరు చెప్పు, వాళ్ళ సంగతి నేను చూస్తాను."

పిల్ల మొహం విప్పారింది. తెలిసిన ప్రశ్న వచ్చినందుకు సంబరం.

"నువ్వే" అంది.

నానమ్మకి అర్థం కాలేదేమోనని పిల్ల చేసి చూపించింది. నానమ్మ ఎడమచెయ్యి పట్టుకుని మెల్లిగా ఆవిడ ఒళ్ళో పెట్టింది. కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు ఒకటీ, రెండు వేళ్ళూ విడదీసి, లేని కత్తెర తొడిగింది. తర్వాత ఒళ్ళో ఉన్న చేతిమీద రెండు చిన్న దెబ్బలు వేసింది, నొప్పి పుట్టకుండా, ముద్దుగా. అచ్చం నానమ్మ వేసినట్టే.

రెండు నెలలు. రోజూ. పొద్దున ఒకసారి, నిన్న పళ్ళు కొరుకుతూ కూడా ఒకసారి. తన చెయ్యి అలవాటుకొద్దీ అంత పని చేస్తోందని ఆవిడకి తెలియనే తెలియదు. దుకాణంలోనూ ఇద్దరికి ఇలాగే మార్చింది. వాళ్ళు బాగుపడ్డారని ఇన్నాళ్ళూ చెప్పుకుంది. బాగుపడని మూడోవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, పని రాదని మానేసి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, ఒక్కరోజైనా ఆలోచించలేదు. పళ్ళ డాక్టరునీ, కోడలినీ, ఈ తల్లినీ తిట్టడానికి దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉన్నాయి. అన్నీ తనకే సరిపోతాయి.

"నా కూతురు మంచిది కాబట్టి మీరు చెప్పినట్టల్లా చేసింది పెద్దమ్మగారూ" అంది డ్రైవరమ్మ. "దాన్ని పట్టుకుని చెప్పింది చెయ్యదని రాశారు."

"ఆ కాగితం మీద నా పేరు రాయమ్మా" అంది నానమ్మ కోడలితో. "చెయ్యనివ్వలేదు అని రాయి."

కోడలు కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. "తిలా పాపం తలా పిడికెడు అత్తయ్యా. రెండు నెలలు పక్కన కూచుని దాని కాగితాలే చూశాను, చెయ్యి చూడలేదు." డ్రైవరమ్మ వైపు తిరిగింది. "మీ పిల్ల ఇక్కడే ఉంటుంది. వెళ్ళదలుచుకున్నవాళ్ళు వెళతారు, ఆ మాట నేనే చెప్పొస్తాను." ముందుగదిలోకి వెళ్ళింది. పళ్ళ డాక్టరు గొంతు లేచింది. ఆ తర్వాత కోడలి గొంతు అంతకంటే పైకి లేచింది. అత్త నోరు కోడలికి వచ్చేసిందని నానమ్మ ఇంకో రోజైతే మురిసిపోయేది.

ఆవిడ నేలమీదే ఉంది. ఎడమచేతి కత్తెరలుంటాయి, తయారుచేసేవాళ్ళు తనకి తెలుసు, సోమవారానికల్లా తెప్పిస్తుంది. అదంతా తేలికైన పని. పక్కనున్న డబ్బాలోంచి ఒక రంగు పెన్సిలు తీసి పిల్ల ముందు పట్టుకుంది.

"నానమ్మది తప్పమ్మా. ఇక నిన్ను ఎవ్వరూ ఏమీ అనరు. నీకు ఏ చెయ్యి ఇష్టమైతే ఆ చేత్తో తీసుకో."

బుడుంగు పెన్సిలు వైపు చూడలేదు. నానమ్మ మొహంలోకి చూసింది. ఆవిడకి ఏది నచ్చుతుందో శ్రద్ధగా, చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత నవ్వుతూ కుడిచెయ్యి చాపింది.