జవాబు కింద ఉంది

"సంధ్యా, గా లైను మీదెందుకు పెట్టినవ్? కిందికి జరుపు."

బాల్‌రాజ్ ఆమె కుర్చీ వెనక నిలబడి కంప్యూటర్ తెర మీద వేలు ఆనించాడు. శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుటి నుంచి రెండుసార్లు కరెంటు పోయింది. సమ్మెతో సింగరేణిలో బొగ్గు పెళ్ల కదలడం లేదు, ఇక్కడ ఫ్యాను గంటసేపు నిలకడగా తిరగడం లేదు. సంధ్యారాణి ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా మూత ఇంకా తియ్యనే లేదు.

ఆయన కిందికి జరపమన్న లైను చాలా చిన్నది. ‘రేపటి నర్సు పోస్టుల రాతపరీక్ష అనుకున్న ప్రకారమే జరుగుతుంది, బస్సులు, ఆటోలు ఉండవు కనుక పొద్దున్నే బయలుదేరండి.’ పరీక్ష పెట్టే ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసి, ఎత్తినాయన విసుక్కునేదాకా అడిగి, నిజమని తేల్చుకుని రాసిన లైను అది.

"అందరికి కావల్సిన ముచ్చట గదే గద సార్," అంది.

"గందుకే కింద పెట్టమంటున్న. జవాబు మొదటి లైన్లనే దొరికినంక ఎవడన్న కిందికొస్తడా? కిందికి రాకుంటే నా యాడ్లు ఎవడు జూస్తడు? నేనే జూసుకుంట కూసోవాల్నా?"

బాల్‌రాజ్‌ది పెద్ద అంబర్‌పేట్. తాతల నాటి మెట్ట చెలక రింగురోడ్డు పక్కన పడేసరికి వాళ్ల వ్యవసాయం ప్లాట్ల వ్యాపారమైంది. ఆ ప్లాట్లు అమ్ముకోవడానికి ఒక వెబ్‌సైటు పెట్టాడు. ఉద్యమం రోజుల్లో ప్లాట్లు కొనే దిక్కు లేకపోయేసరికి దాన్నే వార్తల బ్లాగు చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన రెండు గదులు, మూడు కంప్యూటర్లు. మెడలో ఉద్యమ కండువా లేకుండా ఆయన గడప దాటడు. తెలంగాణ అంటే ఆయనకు ప్రాణమే, అందులో అబద్ధం లేదు. బంద్ రోజున సైటుకు పెరిగే హిట్లంటే ఇంకాస్త ప్రాణం, అంతే.

‘ఇవాళ్టి దారి’ అనే ఈ పేజీని మొదలుపెట్టింది మాత్రం సంధ్యారాణి. ఆమె భర్త సాయినాథ్ ఆర్టీసీ కండక్టరు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాక అతనూ అతని దోస్తులూ ఏ రోడ్డు మీద ఏం నడుస్తోందో ఫోన్లలో చెప్పుకునేవారు. ఆ కబుర్లు ఏరి ఆమె పేజీలో పెట్టింది. మొదట్లో ఎవరూ చదవలేదు. చదవరు మరి! పత్రికలకు కథలు పంపి తిరుగు టపాలో అందుకున్న మనిషి కదా, ‘నగరం నడక నేర్చుకుంటోంది’ లాంటి శీర్షికలు పెట్టి తనలో తనే మురిసిపోయేది.

ఆఫీసులో ఆమె కాక ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి చక్రపాణి. తెనాలి వైపు మనిషి. రాసినవాటిని గూగుల్‌లో పైకి కనపడేట్టు చేయడం అతని పని. దాన్నే ఎస్ఈఓ అంటారు.

"చాలా బాగా రాశారండీ సంధ్య గారూ. కానీ ఇలా ఎవరూ వెతకరు. ‘రేపు బస్సులు ఉన్నాయా’ అని కొడతారు. వాళ్లడిగే మాటనే పైన పెట్టండి. మిగతాది మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి," అన్నాడు ఒకరోజు.

ఆమెకు రోషం వచ్చింది. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, ఆ తర్వాత అతను చెప్పింది నిజమేనని ఒప్పుకుంది. కండక్టరు మెట్టు మీద నిలబడి ‘కోఠీ, కోఠీ’ అని అరుస్తాడు గాని బస్సును వర్ణించడు కదా. శీర్షికలు మార్చింది. వారం తిరిగేసరికి నలభైమంది చదివే పేజీని నాలుగు వేలమంది చదవసాగారు. ‘మీ పేజీ చూసి మా నాయినను దవాఖానకు తీస్కపోయినం అక్కా’ అని హయత్‌నగర్ నుంచి ఎవరో రాస్తే, ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. తను రాసింది ఒకరికి పనికొచ్చింది! నిజంగానే జీతం అందిన రోజు కన్నా ఎక్కువ సంతోషపడింది.

ఆ నాలుగు వేలు బాల్‌రాజ్ కంట పడ్డాయి. పీడ అక్కడ మొదలైంది. జనం వెతికే మాట ప్రతి వాక్యంలోనూ ఉండాల్సిందేనన్నాడు. ‘రేపు బస్సులు ఉన్నాయా అని రేపు బస్సుల కోసం ఎదురుచూసే వారికి రేపు బస్సుల సమాచారం’ అని రాయాల్సి వచ్చింది. తిరిగి చదువుకుంటే అన్నంలో రాయి పడ్డట్టు ఉండేది. సరే, అదీ రాసింది. ఇప్పుడు జవాబునే కిందికి పొమ్మంటున్నాడు.

చక్రపాణి వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. సమ్మె మొదలైనప్పటి నుంచి హోటల్లో టీ అడగడానికి కూడా యాస బయటపడుతుందని గొంతు తగ్గించి మాట్లాడుతున్న మనిషి, యజమానితో ఏం వాదిస్తాడు?

ఆమె జీతం ఆరున్నర వేలు. సమ్మెలో ఉన్న సాయినాథ్‌కు ఈ నెల జీతం లేదు. ఎల్‌బీనగర్ దాటాక మన్సూరాబాద్‌లో వాళ్లుండే ఒంటిగది కిరాయే రెండు వేల రెండు వందలు. ఇంక ఏం మాట్లాడుతుంది, లైను జరిపింది. పైన ‘బంద్ కారణంగా నర్సు పరీక్ష వాయిదా పడే అవకాశం’, ‘నర్సు పరీక్ష వాయిదా వేయాలని డిమాండ్’, ‘నర్సు పరీక్ష వాయిదా తాజా వార్తలు’ వచ్చి కూర్చున్నాయి. వాటి కింద ప్లాట్ల ఫొటోలు, కోచింగ్ ప్రకటనలు. అన్నిటికీ అడుగున జవాబు. అన్నిటికన్నా పైన, ‘రచన: సంధ్యారాణి’. కావలసినవాళ్లు చివరిదాకా చదువుతారులే అని తనకు తను చెప్పుకుని అన్నం డబ్బా మూత తీసింది.

ఆదివారం సాయంత్రం పక్క గది అండాలమ్మ కొంగులో రెండు బత్తాయిలు పెట్టుకుని వచ్చింది. వాళ్లది చండూరు దగ్గర పల్లె. కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరి సైజుల వారీగా పోసే పని, రోజుకు నూట యాభై కూలి. మగడు పోయి చాలా ఏళ్లయింది. ఉన్నది ఒక్క కూతురు మౌనిక. నర్సు చదువు పూర్తిచేసి, ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో మూడున్నర వేలకు రాత్రి డ్యూటీలు చేస్తోంది.

"బిడ్డా, పరీచ్చ మళ్ల ఎన్నడు పెట్టిండ్రు? జర చూసి చెప్పు. మా పోరి మళ్ల పుస్తకాలు ముందటేసుకున్నది," అంది అండాలమ్మ.

సంధ్యారాణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుగుతున్న గిన్నె కింద పెట్టేసింది.

"పరీక్ష ఇయ్యాల్నే అయింది గద పెద్దమ్మా. మౌనిక పోలేదా?"

అండాలమ్మ నవ్వింది. "ఏడయింది? వాయిద పడ్డది గద. నువ్వే రాసినవంట."

తలుపు దగ్గర మౌనిక నిలబడి ఉంది. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి పడుకుని లేచినట్టుంది, ముఖం ఉబ్బి ఉంది. వాళ్లమ్మ కన్నా ముందే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"కింద రాసిన మౌనికా," అంది సంధ్యారాణి. "పరీక్ష ఉన్నదని కింద రాసిన."

"కిందిదాక రాలేదక్కా. నిన్న డ్యూటీకి పోయేముందు నెట్ సెంటర్ల కూసున్న. గా ప్లాట్ల ఫొటోలు ఒచ్చుడే పది నిమిషాలు పట్టింది. గంతల్నే కరెంటు పోయింది. మీదంత వాయిదా, వాయిదా అనే ఉండె. నీ పేరుండె. నువ్వు రాసినవంటే ఇంక నాకు అనుమానమెందుకుంటది?"

"నాకు ఫోనన్న చేయకపోతివి..."

"నువ్వు రాసింది సదివి, మళ్ల నిన్నే అడుగుతరా ఎవరన్న?"

అండాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మెల్లగా గోడకు ఆనుకుని కూలబడింది. "సెంటరు పడ్డ మలక్‌పేట ఎంత దూరమున్నది? నేను రోజు చీకట్ల మార్కెట్‌కు నడుస్త. దాన్ని గూడ నడిపిచ్చుకపోదును గద," అంది, ఎవరితోనూ కాదు, తనతో తనే. ఇంతకు ముందు ఆ పోస్టులు పడి నాలుగేళ్లయింది. మళ్లీ ఎప్పుడు పడతాయో చెప్పే నాథుడు లేడు. సర్కారు కొలువు దొరికిన నాడే నీ మార్కెట్ పని మాన్పిస్తానని కూతురు మాటిచ్చి ఉంది. కాసేపటికి అండాలమ్మ కళ్లు తుడుచుకుని, "పోనీ తియ్యి బిడ్డా, నువ్వు గావాలని చేసినవా," అంది.

ఆ మాటకు సంధ్యారాణి సిగ్గుతో చచ్చిపోయింది. కావాలనే కదా చేసింది! మౌనిక మాత్రం కరగలేదు. "కింద ఎందుకు రాసినవక్కా?" అని ఒక్కటే అడిగింది. వాళ్లమ్మను చెయ్యి పట్టి లేపి తీసుకెళ్లిపోయింది. బత్తాయిలు గడప దగ్గరే ఉండిపోయాయి.

సాయినాథ్ మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "రేపు పోయి గట్టిగ అడుగుత ఆయనను," అంది ఆమె. "అడుగు. కాని ఈ నెల నీ జీతం మీదనే ఉన్నం. గది గూడ యాదుంచుకో," అన్నాడు అతను. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు.

సోమవారం ఆఫీసు నిండా సమోసాల వాసన.

"పద్దెనిమిది వేలు!" అన్నాడు బాల్‌రాజ్ పొట్లం విప్పుతూ. "ఒక్క నర్సు పరీక్షకే పద్దెనిమిది వేల హిట్లు. తిను సంధ్యా, తిను. చక్రపాణీ, ఇయ్యాల జనం ఏమడుగుతుండ్రు?"

చక్రపాణి తన తెర చూసి చెప్పాడు. "‘నర్సు పరీక్ష మళ్లీ ఎప్పుడు’ అని వెతుకుతున్నారండీ. పొద్దుట్నుంచీ అదే."

"ఇంకేంది, రాయుండ్రి మరి. మళ్ల పెడ్తరని జర ఆశ చూపియ్యి సంధ్యా. కోచింగోళ్ల యాడ్ రెండు తావుల పెడ్దం," అని, ధర్నా శిబిరంలో కనపడి రావాలంటూ కండువా సర్దుకుని వెళ్లిపోయాడు.

సంధ్యారాణికి ఒళ్లు మండిపోయింది. వెతుకుతున్నవాళ్లలో మౌనిక కూడా ఉండి ఉంటుంది. నిన్న మోసపోయినవాళ్లే ఇవాళ మళ్లీ వచ్చి అదే తలుపు కొడుతుంటే, వాళ్లనే ఇంకోసారి మోసం చేయమంటున్నాడు ఈ మహానుభావుడు! పరీక్ష ఆఫీసుకు ఫోన్ చేసింది. మళ్లీ పెట్టే ఆలోచన లేదన్నారు. రాయలేకపోయినవాళ్లు చాలామంది కలిసి అర్జీ పెట్టుకుంటే పైవాళ్లకు పంపుతాం, అంతకు మించి ఏమీ చెప్పలేమన్నారు.

శీర్షిక జనం అడిగిన మాటలతోనే పెట్టింది. దాని కింద మొదటి లైన్లోనే రాసింది:

‘ఇప్పటికైతే మళ్లీ లేదు. పరీక్ష నిన్ననే జరిగిపోయింది. జరుగుతుందని మాకు శనివారమే తెలుసు. ఆ మాటను ప్రకటనల అడుగుకు జరిపింది నేనే. పైపైన చదివి వాయిదా పడిందనుకుని ఆగిపోయినవాళ్లు మీ పేరు, ఊరు, హాల్‌టికెట్ నంబరు ఇక్కడ రాయండి. అందరం కలిసి అర్జీ పెడదాం.’

చివర తన పేరు పెట్టింది. చక్రపాణి పక్క కుర్చీ నుంచి మెడ చాచి చదివాడు.

"సంధ్య గారూ, ఆలోచించుకున్నారా?"

"ఆలోచన చేసుకుంట కూసుంటే ఇది పెట్టలేను," అంది, బటన్ నొక్కేసింది.

గంట లోపే మొదటి తిట్టు వచ్చింది. ‘మీ ఇంట్ల ఆడపిల్లలు లేరా?’ అని. ఆ తిట్టు కిందే పేరు, ఊరు, నంబరు. తర్వాత నకిరేకల్ నుంచి ఒక చంటిబిడ్డ తల్లి. ఇబ్రహీంపట్నం నుంచి అక్కాచెల్లెళ్లిద్దరూ. భువనగిరి. చౌటుప్పల్. సంధ్యారాణి ఆదివారం రాత్రంతా మౌనిక ఒక్కదాని గురించే ఏడ్చింది. ఇంతమందిని ఇళ్లలో కూర్చోబెట్టానా నేను అనుకుంది. సమోసా ముట్టుకోలేదు.

మధ్యాహ్నం బాల్‌రాజ్ వచ్చి చదివాడు. ముఖం కందగడ్డ చేసుకున్నాడు. అంతలో పేజీ చూసినవాళ్ల లెక్క మీద కన్ను పడింది. ముఖం మెల్లగా విచ్చుకుంది.

"అబ్బో, గింతమందొస్తుండ్రా! తిట్టనీ తియ్యి, తిట్టేటోడు గూడ లెక్కకొస్తడు. పోస్టు ఉండనీ. కానీ నువ్వు రాసిన గీ ముచ్చట యాడ్ల కిందికి జరుపు. మీద ‘మళ్లీ పరీక్షకు అవకాశం’ అని పెట్టు. గావల్సినోడు కిందికొచ్చి పేరు రాసుకుంటడు."

"జరపను సార్."

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"ఏందీ?"

"వాళ్లడిగిన మాటే టైటిల్ పెట్టిన. దానికి జవాబు మొదటి లైన్ల ఉన్నది. గది ఆడనే ఉంటది. కిందికి పోతే సగంమంది పేరు రాయకుంటనే మళ్లిపోతరు. నలుగురి పేర్లతోని అర్జీ పెడితే ఎవరు పట్టించుకుంటరు?"

"నీకు జీతమిచ్చేదెవరు? నేనా, గా పేర్లు రాసేటోళ్లా?"

"మీరే సార్."

"మరి? తెలంగాణ కోసమని నా పైసలు పెట్టి నడిపిస్తున్న గీ పేజీ!"

"నకిరేకల్, భువనగిరి, చౌటుప్పల్... వీళ్లది ఏ రాష్ట్రం సార్ మరి?"

అనేసింది. ఉద్యోగం పోతే రేపు బియ్యం ఎట్లా అన్న భయం పట్టుకుంది. సాయినాథ్ అన్న మాట చెవిలోనే ఉంది. అయినా చేతులు కీబోర్డు మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

బాల్‌రాజ్ ఆమెను వదిలేసి అటు తిరిగాడు. "చక్రపాణీ, నువ్వు జరుపు."

చక్రపాణిది కొత్తపేటలో అద్దె ఇల్లు. ఈ గొడవల్లో ఇక్కడే ఉండాలా, ఊరికి పోవాలా అని ఇంట్లో రోజూ నడిచే చర్చ అతన్ని తినేస్తోంది. అతను తెర వంక చూశాడు. యజమాని కండువా వంక చూశాడు. సంధ్యారాణి వంక చూశాడు. మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"హ్యాంగ్ అయిందండీ," అన్నాడు.

తెర మీద ఇంకో పేరు వచ్చింది, మిర్యాలగూడ నుంచి. ముగ్గురూ చూశారు.

"హ్యాంగైతే గదెట్లొచ్చింది?"

బాల్‌రాజ్ అతన్ని కుర్చీతో సహా పక్కకు నెట్టి, ఇంకో కుర్చీ లాక్కుని తనే కూర్చున్నాడు. కీబోర్డు ముందుకు జరుపుకున్నాడు. వెబ్‌సైటు ఆయనదే, అందులో వచ్చే ప్రతి పైసా ఆయనదే, కానీ ఇన్నేళ్లలో ఒక్క అక్షరం కూడా ఆయన చేత్తో ఎక్కలేదు.

"ఏడ నొక్కాలె?" అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.